గెకో గుడ్ల లెక్క రాశారు, పిల్లల సంగతి కూడా రాయండి

సంపాదకుల గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో లెపర్డ్ గెకోలనే చుక్కల పెంపుడు బల్లుల పెంపకం మీద వచ్చిన వ్యాసం చదివాను. ఒక ఆడదాన్ని, ఒక మగదాన్ని కొని పెడితే ఏడాదికి పది పన్నెండు గుడ్లు వస్తాయని, ఒక్కో పిల్లను వేలల్లో అమ్ముకోవచ్చని, ఇంట్లో ఉండే ఆడవాళ్లకు, కాలేజీ పిల్లలకు ఇది మంచి ఆదాయమని రాశారు. గుడ్ల లెక్క తప్పు కాదు. కానీ గుడ్డు పెట్టిన రోజు నుంచి పిల్ల నిలదొక్కుకునే రోజు దాకా ఏం జరుగుతుందో ఆ వ్యాసంలో ఒక్క మాట లేదు. పెరిగిన పిల్లలు చివరికి ఎవరింటికి చేరతాయో అసలే లేదు. నాలుగేళ్లుగా ఆ పని నా చేతుల మీద జరుగుతోంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది తిరుపతి బైరాగిపట్టెడ. మా ఆయన ఇంట్లోనే బంగారం పని చేస్తారు, నేను బ్లౌజులు కుడతాను. గెకోలు నేను కోరి తెచ్చుకున్నవి కావు. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదివేటప్పుడు చెన్నైలో ఒక దుకాణం నుంచి జత కొనుక్కొచ్చాడు. ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లాడు. అక్కడ ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. అవి నా దగ్గరే ఉండిపోయాయి. ఆడదాన్ని పసుపమ్మ అంటాం, మగదాన్ని రాయుడు అంటాం.

బల్లి మీద పడితే తలస్నానం చేసే ఇల్లు మాది. కంచికి వెళ్లిన ప్రతిసారీ వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వచ్చేవాళ్లం. అలాంటి ఇంట్లో బల్లుల పెట్టె పెట్టేసరికి మా అత్తగారు వారం పాటు ఆ గది గడప తొక్కలేదు. తొక్కాక మాత్రం, ఇది మన గోడ మీది బల్లి లాంటిది కాదని మొదట కనిపెట్టింది ఆవిడే. "దీనికి రెప్పలున్నాయే, కళ్లు మూసుకుని నిద్రపోతోంది" అన్నారు. నిజమే. గోడ బల్లికి రెప్పలుండవు, దీనికి ఉంటాయి. కాళ్లకు అతుక్కునే మెత్తలు లేవు, అందుకే గాజు గోడ ఎక్కలేదు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, మన దేశపు వాయవ్య మూలనున్న ఎండిన రాతి నేలలు దీని సొంతూరు. తోకలో కొవ్వు దాచుకుంటుంది. బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. ఈ ఒక్క అంకె మీ వ్యాసంలో ఉండి ఉంటే చాలామంది ఆలోచనలో పడేవాళ్లు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఈరోజు కొన్న పిల్ల, వాడికి పెళ్లయి పిల్లలు బడికి పోయే రోజుల్లో కూడా ఆ పెట్టెలోనే ఉంటుంది.

ఇక గుడ్ల సంగతి. ఆడదానికి ఏడాది దాటి, బరువు కనీసం 50 గ్రాములు వచ్చాకే మగదాని దగ్గరికి వదలాలి. మా ఇంట్లో బంగారం తూచే కాటా ఉంది కాబట్టి బరువు విషయంలో నేను ఎప్పుడూ మోసపోలేదు. జనవరిలో వదిలినప్పుడు పసుపమ్మ 62 గ్రాములు. నాలుగు రోజులుంచి రాయుణ్ణి వేరే పెట్టెలోకి మార్చేశాను. అంతటితో అయిపోయింది అనుకున్నాను. తెలియక అనుకున్న మాట అది. ఆడది మగదాని వీర్యాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి కలిస్తే ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి రెండేసి గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఆపమంటే ఆగదు. ఆ ఏడు ఆగస్టు వచ్చేసరికి పన్నెండు గుడ్లు పెట్టి, 62 గ్రాముల పసుపమ్మ 48కి దిగింది. బొద్దుగా ఉండే తోక నా చిటికెన వేలంత అయింది. గుడ్డులోకి వెళ్లే కాల్షియం దాని ఒంట్లోంచే పోతుంది. మీరు రాసిన ఆదాయం లెక్కలో ఈ పద్నాలుగు గ్రాములు ఎక్కడా లేవు.

గుడ్డు కోడిగుడ్డులా గట్టిగా ఉండదు. తడి తోలులా మెత్తగా ఉంటుంది. పెట్టిన గుడ్డును దొర్లించకూడదు. లోపలి పిండం పై భాగానికి అంటుకుని పెరుగుతుంది, తలకిందులైతే చచ్చిపోతుంది. అందుకని పైవైపున పెన్సిల్‌తో చిన్న గీత గీసి, ఆ గీత పైకే ఉండేలా తీసి, మొక్కల నర్సరీలో దొరికే పెర్లైట్ అనే తెల్లటి గుళికలను తడిపి దాంట్లో సగం దాకా పూడ్చి, మూత పెట్టిన డబ్బాలో ఉంచాలి. వారం తర్వాత చీకట్లో ఫోన్ టార్చి ఆనించి చూస్తే లోపల గులాబీ రంగు వలయం, సన్నటి ఎర్రటి నరాలు కనిపిస్తాయి. అది బతికున్న గుడ్డు. అంతా పసుపుగా కనిపిస్తే అది తాలు. మా మొదటి జత రెండూ తాలే.

పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు ఉన్న చోటి వేడిని బట్టి తేలుతుంది. 26 నుంచి 28 డిగ్రీల్లో పెడితే దాదాపు అన్నీ ఆడవే వస్తాయి. 32 దగ్గర ఎక్కువగా మగవి. ఇంకా పైకి, 34 దాకా పోతే మళ్లీ ఆడవి ఎక్కువవుతాయి గానీ ఆ వేడికి చాలా గుడ్లు నిలవవు. ఇంటర్నెట్‌లో చూపించేవన్నీ చలి దేశాల వాళ్ల పద్ధతులు. గుడ్లకు వేడి ఎలా పెట్టాలో చెబుతారు. తిరుపతిలో మే నెల 42 డిగ్రీలు మనకు కొత్త కాదు. మన కష్టం వేడి పెట్టడం కాదు, చల్లబరచడం. మేడ మీద గదిలో పెట్టిన రెండో జతను నేనే చంపుకున్నాను. మధ్యాహ్నం కరెంటు పోయింది, నేను గాంధీ రోడ్డులో లైనింగ్ గుడ్డ కొనడానికి వెళ్లాను. వచ్చి చూస్తే డబ్బాలో థర్మామీటరు 38 చూపిస్తోంది. రెండు రోజులకు గుడ్లు లోపలికి కుంగి బూజు పట్టాయి.

ఆ తర్వాత మా అత్తగారు చెప్పిన ఉపాయమే పనికొచ్చింది. కింది గదిలో పెద్ద మట్టి తొట్టి అడుగున తడి ఇసుక పోసి, దాంట్లో చిన్న కుండ దింపి, ఆ కుండలో గుడ్ల డబ్బా పెట్టి, పైన తడి గోనెసంచి కప్పాను. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, తెల్లవారుజామున నాలుగుకు, రోజుకు నాలుగుసార్లు గోనెపట్టా తడిపేదాన్ని. బయట గది 37 ఉన్నా లోపల 29, 30 మధ్య నిలబడింది. నెలన్నర పాటు ఊరికి పోలేదు. మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కు కూడా చిత్తూరు పోయి అదే పూట తిరిగి వచ్చాను.

47వ రోజు పొద్దున గుడ్డు మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు. సాయంత్రానికి పైన సన్నటి గీరు. ఆ గీరులోంచి ముక్కు బయటికి వచ్చి, అక్కడే ఆగిపోయింది. చేయి పెట్టి లాగాలనిపించింది. లాగకూడదు. లోపల మిగిలిన సొనను అది ఇంకా పీల్చుకుంటూ ఉంటుంది. నేను మిషను దగ్గర కూర్చుని ఒక బ్లౌజుకు చేతులు కుట్టేశాను, ముక్కు అలాగే ఉంది. రాత్రి పదిన్నరకు ఒక్క ఊపుతో బయట పడింది. పెద్దవాటికి ఉన్నట్టు ఒంటి నిండా చుక్కలు లేవు. నలుపు, పసుపు పట్టీలు, ఎవరో కొలిచి అంచు వేసినట్టు. మా ఆయన కాటా మీద మెత్తటి గుడ్డ పరిచి తూచారు. 3 గ్రాముల 100 మిల్లీ. పెళ్లికూతురి ఉంగరమంత బరువు కూడా లేదు. నేను డబ్బాలోకి దింపబోతుంటే ఆ ప్రాణి నాలుగు కాళ్ల మీద లేచి, వీపు విల్లులా వంచి, నోరు బార్లా తెరిచి నా మీద కీచుమని అరిచింది. అంత పిల్లకు అంత ధైర్యం. పుట్టిన రోజే తనను తాను కాపాడుకోవాలని దానికి తెలుసు.

ఆ ఏడు అయిదు పిల్లలు బతికి బయటపడ్డాయి. మిగిలిన గుడ్లు తాలుగా, బూజుగా పోయాయి.

పుట్టిన పిల్ల మూడు నాలుగు రోజులు ఏమీ తినదు. మొదటి కుబుసం విడిచి, ఆ కుబుసాన్నే తిని, ఆ తర్వాతే ఆకలికి వస్తుంది. ఈ సంగతి తెలియక రెండో రోజే పురుగులు కుప్పగా వేసేవాళ్లు ఉన్నారు. తినకుండా మిగిలిన ఇలకోళ్లు రాత్రి పూట పిల్లనే కొరుకుతాయి. పురుగు ఎప్పుడూ పిల్ల రెండు కళ్ల మధ్య వెడల్పు కన్నా పెద్దది కాకూడదు. ఇలకోళ్లు, మీల్‌వార్మ్‌లు అనే పిండి పురుగులు తవుడులో, క్యారెట్ ముక్కలు వేసి నేనే పెంచుతాను. వంటింట్లో బొద్దింకలు పట్టి వేయకూడదు, వాటి ఒంటి మీద మనం కొట్టిన మందు ఉంటుంది. ఇసుక అసలు పరచకూడదు. పురుగుతో పాటు ఇసుక మింగితే పిల్ల పేగు మూసుకుపోతుంది. నేను పరిచేది మీ పత్రికే. రోజూ మారుస్తాను. పిల్లలను ఒకే డబ్బాలో ఉంచితే ఒకదాని తోక ఇంకొకటి కొరుకుతుంది. అందుకని అయిదు పిల్లలకు అయిదు డబ్బాలు, అయిదు నీళ్ల మూతలు. వాటిని ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సాల్మొనెల్లా అనే క్రిమి వీటి నుంచి మనకు, ముఖ్యంగా చిన్నపిల్లలకు అంటుకోగలదు.

మూడో పిల్ల సంగతి రాయడం కష్టంగా ఉంది, కానీ రాయాలి. పురుగులకు కాల్షియం పొడి అద్ది వేయమని మా అబ్బాయి ఫోన్‌లో చెప్పాడు. డబ్బా అయిపోయింది. దసరా కుట్టు పని మీద ఉన్నాను. పురుగులు బాగానే తింటోంది కదా అని నెలకు పైగా తెప్పించలేదు. ఒక రోజు ఇలకోడి మీదికి దూకి పట్టుకుంది గానీ కొరకలేకపోయింది. పట్టిన పురుగు నోట్లోంచి జారి నడిచి వెళ్లిపోయింది. చూస్తే కింది దవడ వంగి, మెత్తగా ఉంది. ముందు కాళ్లు బయటికి వంకర తిరిగాయి. పశువైద్యురాలికి చూపిస్తే ఎక్స్‌రే తీసి, ఎముకల్లో కాల్షియం లేదని చెప్పారు. మందు చుక్కలు ఇచ్చారు. ఇరవై రోజులు పుల్లతో నోటికి అందించాను. ఇరవై ఒకటో రోజు పోయింది. ఆ పొడి డబ్బా ధర నేను ఒక బ్లౌజుకు తీసుకునే కూలి కన్నా తక్కువ. ఈ రోజుకూ ఆ మూడో డబ్బా ఖాళీగానే ఉంచాను.

ఇంకో పిల్లకు కుడి కాలి రెండు వేళ్లు లేవు. కుబుసం వేళ్ల చుట్టూ దారం ముడిలా బిగుసుకుపోయి, రక్తం ఆడక ఎండి రాలిపోయాయి. మూలన ఒక చిన్న డబ్బాకు రంధ్రం పెట్టి లోపల తడి టిష్యూ వేసి ఉంటే అలా జరిగేది కాదు. తెలుసుకున్నాక అన్నిటికీ పెట్టాను.

మీరు రంగుల ధరల పట్టిక కూడా ఇచ్చారు. అది చూసి నాకు భయం వేసింది. ఎనిగ్మా అనే రకం పిల్లల్లో చాలావాటికి నరాల జబ్బు పుట్టుకతోనే వస్తుంది. ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతాయి, తల వెనక్కి వాల్చి పైకి చూస్తూ ఉండిపోతాయి, ఎదురుగా ఉన్న పురుగును గురి చూసి పట్టలేవు. లెమన్ ఫ్రాస్ట్ అనే మెరుపు పసుపు రంగు ఇంకా ఘోరం. ఆ రంగు ఇచ్చే జన్యువుకూ, చర్మంలో పుట్టే కణుతులకూ లంకె ఉందని అమెరికా శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించారు. ఆ రంగు పిల్లల్లో ఎక్కువవాటికి కణుతులు వస్తాయి. రేటు ఎక్కువని అలాంటి వాటిని జత కట్టించడం తెలిసి తెలిసి రోగాన్ని పుట్టించడమే. ఆ పట్టికలో ధర పక్కన ఈ మాట ఉండాలి.

ఇక ఈ ఉత్తరం రాయించిన అసలు సంగతి. మిగిలిన నాలుగు పిల్లల్లో రెండు నా దగ్గరున్నాయి. రెండింటిని, ఆరు నెలలు నిండాక, తెలిసిన కాలేజీ కుర్రాడికి ఉచితంగా ఇచ్చాను. డబ్బాలు, కాల్షియం పొడి, పురుగుల తొట్టి అన్నీ ఇచ్చాను. ఎలా చూసుకోవాలో కాగితం మీద రాసిచ్చాను. ఏడాది తిరక్కుండా వాడు హాస్టల్ మారాడు. అడిగితే, "కపిలతీర్థం వెనకాల కొండ పక్కన వదిలేశాను ఆంటీ, అడవి జంతువే కదా, హాయిగా ఉంటుంది" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. నిజంగానే మంచి పని చేశానని అనుకున్నాడు. ఆ రాత్రి మా ఆయనా నేనూ టార్చి పట్టుకుని వాడు చూపించిన చోట రాళ్ల సందుల్లో పదకొండు దాకా వెతికాం. మరుసటి రాత్రి కూడా వెళ్లాం. దొరకలేదు. నా చేతి మీదికి ఎక్కి కూర్చునే ప్రాణులవి. పురుగును పట్టకారుతో అందిస్తే తిన్నవి. పాము ఎలా ఉంటుందో కూడా వాటికి తెలియదు.

అవి పోవడం ఒక బాధ. రెండోది దానికన్నా పెద్దది. ఆ కొండ శేషాచలం, అది ఎవరి పెరడూ కాదు. 1989లో జాతీయ పార్కు అయింది, 2010లో బయోస్ఫియర్ రిజర్వు అయింది. ఆ కొండ లోయల్లో, నీటి తేమ ఉండే బండల సందుల్లో బంగారు బల్లి అనే మన సొంత జాతి ఉంది. 1870లో బెడోమ్ అనే ఆంగ్లేయ అధికారి దాన్ని మన తిరుపతి కొండల నుంచే లోకానికి చూపించాడు. అది గుడ్లను బండకే అతికించి పెడుతుంది. చాలా బల్లులు ఒకే చోట పెడతాయి. మన డబ్బాల్లో పెరిగిన గెకోలకు క్రిప్టో అనే క్రిమి వల్ల పేగు జబ్బు రావచ్చు. తోక పుల్లలా అయిపోయి చస్తాయి. ఆ క్రిమి మామూలు మందులకు, కడుగుళ్లకు లొంగదు. అలాంటివి మోసుకెళ్లే జంతువును కొండ మీద వదలడానికి మనకు ఏ హక్కూ లేదు.

మీ వ్యాసం వచ్చిన మూడో రోజు ఇద్దరు కుర్రాళ్లు మా ఇంటికి వచ్చారు. పదిహేడు, పద్దెనిమిదేళ్లు ఉంటాయి. "ఆంటీ, మీరు గెకో గుడ్లు పొదిగిస్తారంట కదా, కొండ మీద బంగారు బల్లిని పట్టుకొస్తే దాని చేత కూడా పిల్లలు పెట్టించగలరా? దానికి ఇంకా ఎక్కువ రేటు ఉంటుంది కదా" అని అడిగారు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, అది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న జీవి అని, పట్టుకుంటే కేసు అవుతుందని, బండకు అతికిన గుడ్డును పెకలిస్తే పగిలిపోవడమే తప్ప పిల్ల రాదని చెప్పాను. ఒకడు విన్నాడు. రెండోవాడి మొహం చూస్తే విన్నట్టు నాకు నమ్మకం కలగలేదు. రెండు రోజులు నిద్ర పట్టలేదు.

మేము మా వంతుగా, మా ఇంట్లో ఎన్ని ఉన్నాయో, ఎప్పుడు ఎక్కడ కొన్నామో రాసి అటవీ శాఖ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. కొన్నప్పుడు మా అబ్బాయి బిల్లు కూడా అడగలేదు, దుకాణంవాళ్లూ ఇవ్వలేదు. కొనే ముందే అటవీ శాఖ వాళ్లను అడగాలని మీరు రాయాలి. రాయుణ్ణి, పసుపమ్మను మళ్లీ కలపలేదు. ఈ మూడేళ్లలో పసుపమ్మ 66 గ్రాములకు వచ్చింది.

నేను అడిగేది ఎక్కువ కాదు. అదే ఆదివారం అనుబంధంలో, అదే పేజీలో, ఇంకొక వ్యాసం వేయండి. గెకో ఎన్నేళ్లు బతుకుతుందో, ఒకసారి కలిపితే ఎన్ని నెలలు గుడ్లు ఆగవో, తిరుపతి ఎండలో గుడ్లు ఎలా చస్తాయో, కాల్షియం లేకపోతే పిల్ల దవడ ఏమవుతుందో రాయండి. గెకోల జబ్బులు తెలిసిన పశువైద్యులతో మాట్లాడి రాయండి. పెంచలేనివాళ్లు ఎవరి దగ్గర తెచ్చుకున్నారో వాళ్లకే తిరిగి ఇవ్వాలని, కొండకు మాత్రం వదలవద్దని పెద్ద అక్షరాలతో వేయండి. బంగారు బల్లి ఫొటో వేస్తే అది ఏ లోయలో ఉంటుందో చోటు పేరు మాత్రం రాయకండి.

పిల్లలను చూడాలనుకుంటే మీ విలేకరిని పంపండి. సాయంత్రం ఏడు తర్వాత వస్తే అవి లేచి ఉంటాయి. వేళ్లు లేని పిల్ల కుంటకుండా ఎలా పరుగెడుతుందో, ఖాళీ డబ్బా ఎక్కడుందో కూడా చూపిస్తాను.

ఇట్లు
ఒక పాఠకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి